ఒక సున్నా ఎక్కువ పడితే: కార్డు ట్యాప్ పరిమితి పెంచాలా?

పోయిన శ్రావణంలో అమ్మకి బీపీ మాత్రలు తేవడానికి మా వీధి చివరి మెడికల్ షాపుకి వెళ్లాను. బిల్లు 480 రూపాయలైంది. కౌంటర్లో కుర్రాడు ఇంకొకరి మందుల చీటీ చూస్తూనే స్వైపింగ్ మిషన్ మీద అంకెలు నొక్కి నా ముందుకు జరిపాడు. కార్డు ఆనించాను. బీప్‌మంది. కాగితం బయటికి రాకముందే ఫోన్లో మెసేజ్ మోగింది: మీ ఖాతా నుంచి 4,800 రూపాయలు డెబిట్ అయ్యాయి.

సున్నా ఒకటి ఎక్కువ పడింది. కుర్రాడు వెంటనే తప్పు ఒప్పుకున్నాడు, పాపం ముఖం పాలిపోయింది. మిషన్లోనే ఆ లావాదేవీని రద్దు చేయవచ్చు గానీ దానికి పాస్‌వర్డ్ కావాలి. అది ఓనరుకే తెలుసు, ఓనరు ఊళ్లో లేడు. రాత్రికి మిషన్ లెక్కలు బ్యాంకుకి వెళ్లిపోయాయి. ఇక రద్దు కుదరదు, రీఫండ్ పెట్టాల్సిందే. ఎక్కువ పోయిన 4,320 రూపాయలు నా ఖాతాకి తిరిగి చేరేసరికి తొమ్మిది రోజులు పట్టింది.

ఆ తొమ్మిది రోజులూ ఒకటే ఆలోచన. ఇదే పొరపాటు 2020లో జరిగి ఉంటే మిషన్ ఆగి పిన్ అడిగేది. అప్పట్లో పిన్ లేకుండా పోగలిగింది రెండు వేల వరకే. ఇప్పుడది ఐదు వేలు. పిన్ నొక్కడానికి తల వంచుతాం, తల వంచితే తెర మీద అంకె కనబడుతుంది. పిన్ అంటే కార్డు మనదేనని రుజువు చేసే నాలుగంకెలని మాత్రమే అనుకుంటూ వచ్చాను. ఎంత కడుతున్నామో ఒకసారి చూసుకునేలా చేసేది కూడా అదేనని ఆ రోజు అర్థమైంది.

పిన్ లేకుండా కార్డు ఆనించి ఒకసారికి ఎంత కట్టొచ్చన్న ఈ ట్యాప్ పరిమితిని ఇంకా పెంచాలా అని ఎక్కడ చర్చ వచ్చినా మాట దొంగల మీదికే పోతుంది. దొంగల సంగతి కూడా చూద్దాం. అయితే ముందు ఈ ఐదు వేలు ఎక్కడి నుంచి వచ్చాయో చూడాలి.

రెండు వేల నుంచి ఐదు వేలకు

కార్డుతో కట్టే డబ్బుకి రెండు తాళాలుండాలన్నది రిజర్వు బ్యాంకు ఎన్నాళ్లుగానో పట్టుబట్టిన విషయం. కార్డు ఒక తాళం, పిన్ గానీ ఓటీపీ గానీ రెండోది. 2015 మేలో ఆ పట్టు మొదటిసారి కొంచెం సడలింది. చిప్ ఉన్న కాంటాక్ట్‌లెస్ కార్డయితే, మన జనం భాషలో వైఫై గుర్తు ఉన్న కార్డయితే, 2,000 రూపాయల దాకా రెండో తాళం అక్కర్లేదన్నారు. కరోనా రోజుల్లో మిషన్ మీటలు ముట్టుకోవడానికే జనం జంకారు. 2020 డిసెంబరు 4న అప్పటి గవర్నరు శక్తికాంత దాస్ ఆ పరిమితిని 5,000 చేస్తున్నట్టు ప్రకటించారు. 2021 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

అదే ప్రకటనలో, నెలనెలా ఖాతాలోంచి తమంతట తామే కట్ అయ్యే చెల్లింపుల పరిమితిని కూడా 2,000 నుంచి 5,000 చేశారు. రెండూ ఒకేరోజు పెరిగిన కవలలన్నమాట. వాటిలో నెలవారీ చెల్లింపు 2022 జూన్‌లో 15,000కి ఎదిగింది. ట్యాప్ మాత్రం 5,000 దగ్గరే నిలబడింది. నాకు తోచిన కారణం ఇది. నెలవారీ చెల్లింపుకి మొదట్లో ఓటీపీ కొట్టి మనమే ఒప్పుకుని ఉంటాం. ప్రతిసారీ డబ్బు కట్ కావడానికి కనీసం 24 గంటల ముందు మెసేజ్ వస్తుంది, వద్దనుకుంటే ఆపుకోవచ్చు. ట్యాప్‌కి అలాంటి ముందస్తు కబురు లేదు. మెసేజ్ వచ్చేది డబ్బు వెళ్లాకే.

పరిమితి పెంచడానికి ముందు, 2020 జనవరిలో, రిజర్వు బ్యాంకు ఇంకో ఆదేశం ఇచ్చింది. దాని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు గానీ నా దృష్టిలో పరిమితి కన్నా అదే ముఖ్యం. కొత్త కార్డు చేతికొచ్చేటప్పుడు మన దేశంలోని ఏటీఎంలలోనూ, కార్డు లోపల పెట్టే స్వైపింగ్ మిషన్లలోనూ మాత్రమే పనిచేయాలి. ఆన్‌లైన్, విదేశీ, కాంటాక్ట్‌లెస్ వాడకాలు కావాలంటే కార్డు సొంతదారే తెరుచుకోవాలి. ఎప్పుడైనా మూసుకునే వీలూ, ఒక్కోదానికీ ఎంత వరకో తనే పరిమితి పెట్టుకునే వీలూ బ్యాంకు ఇవ్వాలి. అంటే 5,000 అనేది పైకప్పు. దాని కింద ఎంత ఎత్తున కూర్చోవాలో మనిష్టం. ఈ సంగతి తెలిసిన వాళ్లు నా చుట్టాల్లో ఇద్దరో ముగ్గురో ఉంటారు. బ్యాంకులో కార్డు ఇచ్చేటప్పుడు ‘యాప్‌లో అన్నీ ఆన్ చేసేసుకోండి’ అని చెప్పేవాళ్లున్నారు. ‘ఎంతవరకు కావాలి?’ అని అడిగినవాళ్లు ఇంతవరకు నాకు తగల్లేదు.

ఆనించినప్పుడు ఏం జరుగుతుంది

కార్డులో బ్యాటరీ ఉండదు. మిషన్ వెదజల్లే 13.56 మెగాహెర్ట్జ్ తరంగాల నుంచే దాని చిప్పుకి కరెంటు అందుతుంది. అందుకే నాలుగైదు సెంటీమీటర్ల దగ్గరికి తెస్తే గానీ కార్డు మేలుకోదు. మేలుకున్నాక ఆ ఒక్క లావాదేవీకి మాత్రమే చెల్లే సంకేతాన్ని లెక్కగట్టి మిషన్‌కి ఇస్తుంది. మళ్లీ ఆనిస్తే ఇంకో సంకేతం. ఎవరైనా మధ్యలో దాన్ని పట్టుకుని రెండోసారి వాడబోతే బ్యాంకు తిప్పికొడుతుంది. వెనక నల్లపట్టీ మాత్రమే ఉన్న పాత కార్డుల్లో ఈ రక్షణ లేదు. పట్టీ మీద ఎప్పుడూ ఒకటే సమాచారం ఉండేది. ఒక్కసారి గీకి నకలు తీసుకుంటే దొంగ కార్డు తయారయ్యేది. ఆ రకంగా చూస్తే ట్యాప్ మన పాత అలవాటు కన్నా గట్టిది.

రద్దీ బస్సులో ఎవరో మిషన్ పట్టుకుని మన జేబుకి ఆనించి డబ్బు లాగేస్తారని వాట్సాప్‌లో వీడియోలు తిరుగుతుంటాయి. చేసి చూపించడం వరకు సాధ్యమే. దొంగతనంగా మాత్రం అది లాభసాటి పని కాదు. ఆ మిషన్ పేరూ ఊరూ ఇచ్చి, కాగితాలు పెట్టి తీసుకున్న వ్యాపారి ఖాతాకి ముడిపడి ఉంటుంది. డబ్బు ఆ ఖాతాలోనే పడుతుంది. అంటే దొంగ తన చిరునామా వదిలి వెళ్లినట్టే. పైగా పర్సులో రెండు మూడు కార్డులు ఒకదాని మీద ఒకటి ఉంటే మిషన్‌కి ఏదీ సరిగ్గా అందదు.

మామూలు ఫోన్‌తో కార్డు నంబరూ గడువు తేదీ చదవొచ్చన్న మాట నిజం. వెనక ముద్రించిన మూడంకెలు మాత్రం అలా రావు. మన దేశపు వెబ్‌సైట్లు ఓటీపీ అడుగుతాయి కాబట్టి ఆ నంబరుతో ఇక్కడ పెద్దగా ఏమీ చేయలేరు. కొన్ని విదేశీ సైట్లు ఓటీపీ అడగవు. అందుకే విదేశీ వాడకం అవసరం లేనివాళ్లు బ్యాంకు యాప్‌లో దాన్ని ఆఫ్‌లో ఉంచుకోవాలని పదేపదే చెబుతుంటాను.

నన్ను కలవరపెట్టేవి వేరే రెండున్నాయి. 2020లో స్విట్జర్లాండ్‌లోని ఈటీహెచ్ జ్యూరిక్ పరిశోధకులు రెండు ఆండ్రాయిడ్ ఫోన్లు మధ్యలో పెట్టి, పరిమితి దాటిన మొత్తాన్ని కూడా వీసా కార్డుతో పిన్ లేకుండా కట్టించి చూపించారు. ‘ఈ మనిషిని ఫోన్లోనే తనిఖీ చేశారు, పిన్ అక్కర్లేదు’ అని మధ్యలోని ఫోన్ మిషన్‌తో అబద్ధం చెబుతుంది, మిషన్ నమ్మేస్తుంది. రెండోది 2024లో చెక్ రిపబ్లిక్‌లో బయటపడింది. ఈసెట్ అనే సైబర్ భద్రతా సంస్థ దీనికి ఎన్‌గేట్ అని పేరు పెట్టింది. బ్యాంకు యాప్ లాంటి దొంగ యాప్ ఒకటి వేయించి, ‘తనిఖీ కోసం మీ కార్డుని ఫోన్ వెనక ఆనించండి, పిన్ కొట్టండి’ అని అడుగుతుంది. ఆనించగానే కార్డు సంకేతాలు ఎక్కడో ఉన్న దొంగ ఫోన్‌కి చేరతాయి. అతను దాంతో ఏటీఎం దగ్గర నిలబడతాడు. ఈ రెండింటి ముందూ పరిమితి 2,000 అయినా 5,000 అయినా ఒకటే. మీ ఫోన్ వెనక మీ కార్డు ఆనించమని ఎవరు అడిగినా ఆనించకండి.

పిన్ గట్టిగా చెప్పే చోట

పరిమితి పెంచాలనేవాళ్ల వాదనల్లో నన్ను నిజంగా కదిలించింది ఒకటుంది. మన పెట్రోలు బంకుల్లో రోజూ కనబడే దృశ్యమే అది. కారులో కూర్చున్నాయన అద్దం దించి కార్డు ఇస్తాడు. మిషన్ ఏ మూలనో ఉంటుంది, లేదా సిగ్నల్ కోసం కుర్రాడు పది అడుగులు అవతలికి నడుస్తాడు. అక్కడి నుంచి ‘సార్, పిన్?’ అని కేకేస్తాడు. కారులోంచి నాలుగంకెలు గట్టిగా వినబడతాయి. వెనక బండి మీదున్న నాకూ వినబడతాయి, గాలి కొట్టే అతనికీ వినబడతాయి. దాబాల్లోనూ, పెళ్లి బట్టల షాపుల్లోనూ ఇదే తంతు.

ఇలా బయటికొచ్చిన పిన్ ట్యాప్ కన్నా ఎన్నో రెట్లు ప్రమాదం. దొరికిన కార్డుతో ట్యాప్ చేసే దొంగకి ఒకసారికి ఐదు వేల సరుకే చేతికొస్తుంది. అదే కార్డూ పిన్నూ రెండూ ఉన్న దొంగ నేరుగా ఏటీఎంకి వెళ్తాడు. అతనికి అడ్డు ఆ రోజు తీయగలిగే నగదు పరిమితి ఒక్కటే. పెట్రోలు లీటరు వంద దాటాక, ముప్పై అయిదు లీటర్ల ట్యాంకు నింపితే మూడున్నర వేల పైమాటే. పరిమితి 2,000 దగ్గరే ఉండి ఉంటే ఆ మనిషి ప్రతిసారీ పిన్ కేకేసి చెప్పేవాడే. 5,000 అయ్యాక ఆనించి వెళ్లిపోతున్నాడు, పిన్ అతని బుర్రలోనే ఉంటోంది. పెంపు వల్ల జరిగిన అతి పెద్ద మేలు ఇదేనని నేను నమ్ముతాను.

ఇంకో మేలు మా ఇంట్లోనే చూశాను. నాన్నకి చేతి వణుకు. మీటలున్న పాత మిషన్ మీదే రెండుసార్లు తప్పు పడేది. ఇప్పుడొస్తున్న మిషన్లు నున్నటి అద్దం తెరలు. వేలు తగిలితే చాలు, పక్క అంకె పడిపోతుంది. మూడుసార్లు తప్పయితే ఆ రోజుకి కార్డు లాక్. వెనక క్యూలో జనం నిట్టూర్పులు వినబడుతుంటే ఆయన చెయ్యి ఇంకా వణికేది. చూపు లేనివాళ్ల సంగతి మరీ కష్టం. మీటలయితే మధ్యలో ఐదంకె మీద బొడిపె తడిమి గుర్తుపట్టేవారు. అద్దం మీద ఏం తడుముతారు? పక్కవాళ్లకి పిన్ చెప్పాల్సిందే. వీళ్లందరికీ ట్యాప్ అంటే ఇంకొకరి చేతికి తాళం ఇవ్వకుండా తమ డబ్బు తాము ఖర్చుపెట్టుకోగలగడం.

క్యూలు త్వరగా కదులుతాయన్న వాదన కూడా ఉంది. నిజమే, కానీ అది నాకు పెద్ద విషయంగా తోచదు. మన దగ్గర క్యూ ఆలస్యం కావడానికి పిన్ కన్నా సిగ్నల్ ఎక్కువ కారణం.

ఇక్కడ మన దేశానికే ప్రత్యేకమైన సంగతి ఒకటి చెప్పాలి. లండన్‌లో ట్యాప్ అంటే బస్సు టికెట్టు, కాఫీ. ఇక్కడ ఇరవై రూపాయల టీకి, యాభై రూపాయల కొత్తిమీర కట్టలకి జనం యూపీఐ స్కాన్ చేస్తారు. 2020 జనవరి 1 నుంచి యూపీఐకీ రూపే డెబిట్ కార్డుకీ వ్యాపారి మీద చార్జీ లేదు. మిగతా కార్డుల మీద ఉంది. అందుకని చిన్న కొట్టువాళ్లు కార్డు మిషనే పెట్టుకోరు. మన చేతిలోకి కార్డు వచ్చేది బిల్లు వేలల్లో ఉన్నప్పుడు: బంకు, సూపర్ మార్కెట్, చెప్పుల షాపు, ఆస్పత్రి ల్యాబు. కాబట్టి పరిమితి పెంచితే ఆ ప్రభావం పడేది ఇంటి బడ్జెట్‌లోని బరువైన పద్దుల మీద. ఇవి చిల్లర చెల్లింపులే కదా అని కొట్టిపారేయడం మన దగ్గర చెల్లదు.

బ్రిటన్ ఏం చేసింది

ఈ దారిలో అందరికన్నా ముందు నడిచినవాళ్లలో బ్రిటన్ ఒకటి. 2007లో పది పౌండ్లతో మొదలుపెట్టారు. మెల్లగా పదిహేను, ఇరవై అయింది. 2015లో ముప్పై, 2020 ఏప్రిల్‌లో కరోనా పేరిట నలభై అయిదు, 2021 అక్టోబరు 15న ఏకంగా వంద పౌండ్లు చేశారు.

తర్వాత ఏమైందో అక్కడి బ్యాంకుల సంఘం యూకే ఫైనాన్స్ లెక్కల్లో ఉంది. కాంటాక్ట్‌లెస్ మోసాల్లో పోయిన డబ్బు 2021లో 1.91 కోట్ల పౌండ్లు. 2022లో 3.49 కోట్లు. 2023లో 4.15 కోట్లు. పెంచిన మరుసటి ఏడాదే 80 శాతానికి పైగా ఎగబాకింది. ఈ అంకెలు పట్టుకుని ‘చూశారా!’ అనడం తేలిక. 2021లో సగం కాలం లాక్‌డౌన్లేనని, 2022లో ట్యాప్‌ల సంఖ్య కూడా బాగా పెరిగిందని కూడా చూడాలి. అక్కడి నియంత్రణ సంస్థ ఎఫ్‌సీఏ చెప్పే ప్రకారం ప్రతి వంద పౌండ్ల ట్యాప్ ఖర్చులో మోసం వాటా 1.3 పెన్నీలు. మన లెక్కలో చెప్పాలంటే పది వేల రూపాయలకి రూపాయి ముప్పై పైసలు. చాలా తక్కువే.

ఆ ధైర్యంతోనే ఎఫ్‌సీఏ ఇంకో అడుగు వేసింది. 2026 మార్చి 19 నుంచి పరిమితి ఎంత ఉండాలో బ్యాంకులే నిర్ణయించుకోవచ్చంది. ముందుగా జనాన్ని అడిగితే 78 శాతం మంది ఇప్పుడున్నది మార్చొద్దన్నారు. అయినా ముందుకే వెళ్లారు.

ఆ నిర్ణయం కింద ఒక పునాది ఉంది, అదే మనకి ముఖ్యం. బ్రిటన్ చట్టం ప్రకారం మీరు చేయని లావాదేవీ మీ ఖాతాలో కనబడి ఫిర్యాదు చేస్తే, బ్యాంకు మరుసటి పనిదినం ముగిసేలోపు డబ్బు తిరిగి వేయాలి. కార్డు పోయిన సంగతి మీరు చెప్పకముందు జరిగిన నష్టంలో కూడా, మీ వైపు మోసమో ఘోరమైన నిర్లక్ష్యమో ఉంటే తప్ప, మీ మీద పడేది గరిష్ఠంగా 35 పౌండ్లు. అంటే పరిమితి పెంచి బ్యాంకు జూదమాడితే ఓడేది బ్యాంకు సొమ్మే. అలాంటప్పుడు బ్యాంకే ఒళ్లు దగ్గరపెట్టుకుని కాపలా కాస్తుంది.

ఐదు వేలు ఇంటూ ఎన్ని?

యూరప్ నిబంధనల్లో, వాటి నుంచి వచ్చిన బ్రిటన్ నిబంధనల్లో ఒకసారికి ఎంత అన్నదాని పక్కనే ఇంకో అంకె ఉంటూ వచ్చింది. పిన్ లేకుండా వరసగా ఎన్నిసార్లు, లేదా మొత్తం ఎంత. యూరప్‌లో ఒకసారికి 50 యూరోలు, మొత్తం 150 యూరోలు లేదా వరసగా ఐదు ట్యాప్‌లు. బ్రిటన్ వంద పౌండ్లు చేసినప్పుడు మొత్తం 300 పౌండ్లు లేదా ఐదు ట్యాప్‌లు అంది. అది దాటితే పిన్ కొట్టి తీరాలి. మళ్లీ లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. కార్డు దొంగ చేతిలో ఉంటే ఆ గీత దగ్గర అతని పని ముగుస్తుంది.

మన దగ్గర ఆ రెండో అంకె దేశమంతటికీ ఒకటిగా లేదు. రోజుకి, వారానికి, నెలకి ఎన్ని ట్యాప్‌లన్నది బ్యాంకులు తమకి తగినట్టు పెట్టుకోవచ్చని 2015 ఆదేశంలోనే రిజర్వు బ్యాంకు వదిలేసింది. ఒక్కో బ్యాంకుది ఒక్కో తీరు. మీ బ్యాంకుది ఎంతో మీకు తెలుసా? నాకైతే నా మెడికల్ షాపు గొడవ తర్వాత కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి అడిగేదాకా తెలియదు.

ఇప్పుడు ఈ సందర్భం చూడండి. సాయంత్రం బస్సు దిగుతుంటే ఒకామె హ్యాండ్‌బ్యాగ్ లాక్కుపోయారు. అందులో కార్డుంది, ఫోనూ ఉంది. 4,900 రూపాయలకి ఒక షాపులో, మళ్లీ 4,900కి ఇంకో షాపులో, ఇలా ఐదు చోట్ల ఆనిస్తే 24,500. బ్యాంకు ప్రతిసారీ శ్రద్ధగా మెసేజ్ పంపుతుంది. ఆ మెసేజ్ మోగేది దొంగ జేబులో ఉన్న ఫోన్లో. ఆవిడ ఎవరిదో ఫోన్ అడిగి, గుర్తులేని కస్టమర్ కేర్ నంబరు వెతికించుకుని, ‘తెలుగు కోసం రెండు నొక్కండి’ దాటి మనిషి గొంతు వినేసరికి ఎంత పోతుంది? ఒకసారికి 5,000 అన్నమాట ఆవిడకి ఏ భరోసా ఇవ్వదు. ఆవిడకి కావాల్సిన అంకె ఆ మొత్తం ఎక్కడ ఆగుతుందన్నది.

ఫోన్లోని చిన్న వాలెట్ నుంచి పిన్ లేకుండా కట్టే యూపీఐ లైట్‌ని దీని పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తుంది. 2024 డిసెంబరులో దాని పరిమితి పెంచినప్పుడు రెండంకెలూ కలిపే చెప్పారు: పిన్ లేకుండా ఒకసారికి 1,000, వాలెట్‌లో ఏ సమయంలోనైనా ఉండగలిగేది 5,000. ఫోన్ దొంగ చేతిలో పడినా ఆ వాలెట్ నుంచి పోయేది అంతే. ఆ జాగ్రత్త తెలిసిన దేశమే మనది. కార్డు దగ్గర మాత్రం దాన్ని బ్యాంకుల ఇష్టానికి వదిలేశాం.

పోయిన డబ్బు ఎవరి మీద పడుతుందన్నది తర్వాతి ప్రశ్న. 2017 జులై 6న రిజర్వు బ్యాంకు ఇచ్చిన సర్క్యులర్ ఇందులో మనకి అండ. తప్పు బ్యాంకుదీ మనదీ కాక వ్యవస్థలో మరెక్కడో ఉంటే, మూడు పనిదినాల్లో చెబితే మన మీద పైసా పడదు. చెప్పిన పది పనిదినాల్లోపు ఆ మొత్తాన్ని ఖాతాలో తాత్కాలికంగా జమచేయాలి, 90 రోజుల్లో తేల్చాలి. తప్పు ఖాతాదారుదేనని రుజువు చేసే బాధ్యత బ్యాంకుదే. వాదించేటప్పుడు ఈ చివరి వాక్యం గుర్తుపెట్టుకోండి. నిర్లక్ష్యానికి సర్క్యులర్ ఇచ్చిన ఉదాహరణ పిన్ లాంటి వివరాలు ఇంకొకరికి చెప్పడం. కార్డు ఎక్కడో జారిపోవడం దానికిందికి వస్తుందా రాదా అన్న దగ్గరే పేచీ మొదలవుతుంది.

నాలుగో పనిదినం నుంచి ఏడో పనిదినం మధ్య చెబితే ఏమవుతుందో చదివినప్పుడు నేను ఉలిక్కిపడ్డాను. మామూలు సేవింగ్స్ ఖాతాకి నష్టం 10,000 దాటదని ఆ సర్క్యులర్ పట్టికలో ఉంది. జీరో బ్యాలెన్స్ బేసిక్ ఖాతాకైతే 5,000. చూడటానికి బాగానే ఉంది. కానీ ఆ పరిమితి ఒక్కో లావాదేవీకి. లావాదేవీ మొత్తమా, పట్టికలో అంకా, ఏది తక్కువైతే అది మన మీద పడుతుంది. 4,900 చొప్పున ఐదు ట్యాప్‌లు పోతే, ప్రతి ట్యాపూ 10,000 కన్నా తక్కువే, 5,000 కన్నా తక్కువే. అంటే ఆ రక్షణ ఒక్క రూపాయి కూడా తగ్గించదు. 24,500 మొత్తం మన నెత్తినే. పెద్ద మొత్తం ఒకేసారి పోయినవాడికి దొరికే ఊరట, చిన్న చిన్న ట్యాప్‌లతో పోయినవాడికి దొరకదు. ఆ సర్క్యులర్ రాసేనాటికి ట్యాప్ పరిమితి 2,000. దాన్ని 5,000 చేసినప్పుడు ఈ పట్టికని కూడా మళ్లీ తిరగరాయాల్సింది.

కాబట్టి పరిమితి పెంచొద్దని నేననను. ధరలు పెరుగుతుంటే పరిమితి అక్కడే ఉంటే పిన్ మళ్లీ బంకుల్లో కేకలుగా వినబడుతుంది, నాన్న మళ్లీ అద్దం మీద వేళ్లు వణికించుకోవాలి. కానీ 5,000 దాటించాలంటే ముందు మూడు జరగాలి. వరసగా ఇన్ని ట్యాప్‌లు దాటితే, లేదా మొత్తం ఇంత దాటితే పిన్ తప్పనిసరి అని దేశమంతటికీ ఒక అంకె ఉండాలి. పట్టికలోని నష్ట పరిమితి ఒక్కో ట్యాప్‌కి కాకుండా ఆ ఘటన మొత్తానికి వర్తించాలి. మూడోది నా 4,800 నేర్పింది. కూరగాయల బండి మీదున్న చిన్న డబ్బా కూడా ఎంత డబ్బు పడిందో తెలుగులో గట్టిగా చెబుతోంది. స్వైపింగ్ మిషన్ కూడా కార్డు ఆనించకముందే మొత్తం ఎంతో పైకి చదవొచ్చు కదా. చూపు లేనివారికి అది పెద్ద దన్ను. ఇంకొకరి చీటీ చూస్తూ అంకెలు కొట్టే కుర్రాడికీ తన తప్పు తన చెవిన పడుతుంది.

పోయిన ఆదివారం అమ్మానాన్నల కార్డులు రెండూ ముందు పెట్టుకుని కూర్చున్నాను. అమ్మ బ్యాంకు యాప్‌లో ‘కార్డ్ కంట్రోల్’లోకి వెళితే కాంటాక్ట్‌లెస్ పక్కన జరిపే గీత ఉంది. 5,000 నుంచి 1,000కి జరిపాను. విదేశీ వాడకం ఆఫ్ చేశాను. కార్డు బ్లాక్ చేయించే నంబరు ఆవిడ చేతే ఫోన్ పక్కనున్న క్యాలెండర్ మీద పెద్ద అంకెల్లో రాయించాను. ‘వెయ్యి చాలు, అంతకన్నా ఎక్కువైతే నాకూ పిన్ నొక్కడం వచ్చులే’ అంది.

నాన్నది వేరే బ్యాంకు. ఆ యాప్‌లో అరగంట వెతికాను. పరిమితి మార్చుకునే వీలు ఇవ్వాలని నిబంధన ఉన్నా, నాకు కనబడినవి ఆన్, ఆఫ్ రెండే. ఆఫ్ చేస్తే ఆయన వేళ్లు మళ్లీ అద్దం మీదికి వెళ్తాయి. ఆన్‌లో ఉంచితే ఐదు వేలకి తలుపు బార్లా తెరిచినట్టే. ‘ఉంచెయ్యి, ఆ ఖాతాలో పది వేలకి మించి ఉంచను, మిగతాది ఇంకో దాంట్లోకి మార్చెయ్యి’ అన్నారు. మార్చేశాను. సోమవారం ఆ బ్యాంకుకి ఫిర్యాదు పెట్టాను, ఫిర్యాదు నంబరు కూడా అమ్మ క్యాలెండర్ మీదే రాసుంది.